పరుగుకు గీసిన హద్దులు

ఎదిగిన కుమారుడు కారు మీద మోజు పడితే తల్లిదండ్రులకు సాధారణంగా రెండే దారులు తోస్తాయి. తాళంచెవి దాచివేయడం ఒకటి. కుర్రతనం, కొన్నాళ్లకు అదే తగ్గుతుందని తాళంచెవి చేతికిచ్చి ఊరుకోవడం మరొకటి. తాళంచెవి దాచిన ఇళ్లలో పిల్లలు స్నేహితుల బండ్లు నడుపుతున్నారు. ఇచ్చి ఊరుకుంటే ఏమవుతుందో మేము కళ్లారా చూశాము. మా బంధువుల ఇంట పంతొమ్మిదేళ్ల యువకుని జనాజా మా వీధి నుంచే లేచింది. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో, ఎడపల్లి దాటిన తర్వాత, రాత్రివేళ స్నేహితులతో పందెం వేసుకొని బండి నడిపాడు. కల్లం లేని రైతు రోడ్డు అంచున వడ్లు ఆరబోసి నల్లని పట్టా కప్పుకున్నాడు. ఆ వేగంలో ఆ కుప్ప అతనికి కనబడలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

కాబట్టి మా చిన్నవాడు వాళ్ల దాదా కారును రేసు కారుగా మార్చుకుంటానని అడిగిన రోజు మా గుండెలు ఝల్లుమన్నాయి.

ఆ కారు మారుతి 800. దాదా శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత కొనుక్కున్నారు. నిజాంసాగర్ నీరు, ఆ నీటితో పండిన చెరకు, ఆ చెరకును ఆడిన ఫ్యాక్టరీ - ఈ మూడింటి మీదనే ఒకప్పుడు బోధన్ ప్రాంతం బ్రతికింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. దాదా కన్నుమూశాక కారు కూడా వేపచెట్టు కింద నిలిచిపోయింది. 1983 డిసెంబరులో మొదటిసారి రోడ్డెక్కి, 2014 జనవరి వరకు తయారైన బండి అది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను, సుమారు 37 గుర్రాల శక్తి. నేటి లెక్కలో అది చాలా చిన్న బండి. అయినా 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీని చూసినప్పటి నుంచి మావాని కళ్లు ఆ వేపచెట్టు వైపే తిరిగాయి. వెడల్పు టైర్లు, పెద్ద ఇంజను, వీధి చివరి వరకు వినిపించే సైలెన్సరు - ఇదీ అతని జాబితా.

కాదనడానికి ముందు ధర్మం ఏమంటుందో తెలుసుకోవాలని అనుకున్నాము. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కొరకు, శోభ కొరకు సృష్టించానని, మీరెరుగని వాటిని కూడా సృష్టిస్తున్నానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని అన్నహ్ల్ సూరాలో తెలిపాడు. ఇక దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా గుర్రపు పందేలు నిర్వహించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ పరుగులో పాల్గొన్నారు. ఆయన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు పరుగు నిర్ణయించారు. అది ఐదారు మైళ్లు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకే. అది సుమారు ఒక మైలు.

ఈ ఉల్లేఖనాన్ని గతంలో చాలాసార్లు చదివాము. ఈసారి కారు ఆలోచనతో చదివితే దానిలోని ఏర్పాటు స్పష్టంగా కనబడింది. పరుగు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ముందే నిర్ణయమై ఉంది. సిద్ధమైన గుర్రానికి ఒక దూరం, సిద్ధం కాని దానికి వేరొక దూరం. నేటి మోటారు పోటీలలో మార్పులు చేసిన కార్లను, చేయని కార్లను వేర్వేరు తరగతులుగా నడిపేది కూడా ఈ న్యాయంతోనే. గుర్రాన్ని సిద్ధం చేసే పద్ధతి కూడా గమనించదగినది. మొదట మేపి బలపరచి, తర్వాత మేత తగ్గించి, కంబళ్లు కప్పి చెమట పట్టించి, కొవ్వు కరిగించేవారు. అంటే బరువు తగ్గించి వేగం సాధించేవారు.

ఆ రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి చెప్పాము. “బేటా, నీ కోరిక హరాం కాదు. దానికి హద్దులు మాత్రం ఉంటాయి. ఒప్పుకుంటే తాళంచెవి నీదే.”

మొదటి హద్దు రోడ్డు. దారిలో కూర్చునే సహాబాలకు దైవప్రవక్త (స) దారి హక్కులను బోధించారు. ఎవరికీ బాధ కలిగించకుండటం వాటిలో ఒకటి. కూర్చున్నవానిపైనే ఇంత బాధ్యత ఉంటే దూసుకుపోయేవానిపై ఎంత ఉంటుంది? బోధన్ రోడ్డు మీద వరి ట్రాక్టరుకు, బడికి పోయే పిల్లకు, మస్జిదుకు నడిచే వృద్ధునికి హక్కుంది. కనుక వేగం ట్రాక్ మీదనే.

రెండవది డబ్బు. దుబాయిలో ఉన్న పెద్దవాడు ఖర్చు తాను పంపుతానన్నాడు. వద్దన్నాము. ఎడారి ఎండలో అన్న కార్చిన చెమట తమ్ముని సరదాకు ఇంధనం కాకూడదు. అప్పు, వడ్డీ మాట అసలే లేదు. సాయంత్రాలు దుకాణంలో పనిచేసి తానే కూడబెట్టుకోవాలి, అదీ ఇంటి అవసరాలు తీరిన తర్వాతనే. దుబారా చేసేవారిని ఖుర్ఆన్ షైతాను సోదరులుగా పేర్కొన్న సంగతి గుర్తు చేశాము.

మూడవది పందెం. బహుమతి సొమ్ము కట్టే పందేన్ని దైవప్రవక్త (స) ఒంటెలు, గుర్రాలు, విలువిద్యకే పరిమితం చేశారు. కాబట్టి సొమ్ముతో ముడిపడిన ఏ పరుగులోనూ మావాడు దిగకూడదు.

నాలుగవది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే ధ్రువపరచింది. అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం 189వ సెక్షన్ కింద నేరం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, 199ఎ సెక్షన్ కింద సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బిడ్డకు తాళంచెవి ఇచ్చే ప్రతి తండ్రి ఈ చివరి మాట తెలుసుకోవాలి.

జాబితాలో సైలెన్సరు, పెద్ద ఇంజను కొట్టివేయబడ్డాయి. మావాడు రెండు రోజులు ముఖం ముడుచుకొని, మూడవ రోజు ఒప్పుకున్నాడు.

పని నిజామాబాద్ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మొదలైంది. ఉస్తాద్ చెప్పిన మొదటి మాట, “ముందు ఆపడం నేర్పుదాం, పరుగు తర్వాత.” వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పట్టే దూరానికి 80లో నాలుగింతల దూరం పడుతుంది. అందుకే కొత్త బ్రేకు ప్యాడ్లు వేశారు. పాత బ్రేకు ఆయిలు తీసివేశారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వరుసగా గట్టి బ్రేకులు వేస్తే ఆ వేడికి మరిగి, తొక్కిన పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెలను చదవడం కూడా మావాడు అక్కడే నేర్చుకున్నాడు. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. పైకి కొత్తగా కనిపించే టైరు పదేళ్ల పాతది కావచ్చు.

రబ్బరు పైపులన్నీ మార్చవలసి వచ్చింది. నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తుంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. ఆ ఇథనాల్ తయారయ్యే వాటిలో చెరకు రసం, మొలాసిస్ కూడా ఉన్నాయని ఉస్తాద్ చెప్పగా, దాదా ఫ్యాక్టరీ సరుకు దాదా కారులోకే వచ్చిందని మావాడు నవ్వాడు. ఇంజనుకు శుభ్రతే తప్ప మార్పు లేదు. వేగం కావాలంటే ట్రాక్ దగ్గర వెనుక సీటు, స్టెప్నీ, అదనపు సామాను దించి, తిరుగు ప్రయాణంలో మళ్లీ బిగించుకోవాలని నిశ్చయించారు. తర్ఫీదు గుర్రాల పద్ధతి అదే కదా!

మా జిల్లాలో ట్రాక్ లేదు. చెన్నై సమీపంలో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న మోటారు రేసు ట్రాక్ ఉంది. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. అక్కడ బహుమతులు లేని సాధన దినం చూసుకొని, కారును లారీపై పంపి, మేము రైలులో వెళ్లాము.

ఉదయం బండిని తనిఖీ చేశారు. హెల్మెట్టు, సీటు బెల్టు, ఆయిలు కారడం, అన్నీ చూశారు. ఆపై జెండాల పాఠం. పసుపు జెండా అంటే ముందు ప్రమాదముంది, ఎరుపు అంటే పరుగు నిలిపివేయాలి, నీలం అంటే వెనుక వేగమైన బండి వస్తోంది, దారివ్వాలి. మావాడు బిస్మిల్లాహ్ అని, స్వారీ దువా చదివి బయలుదేరాడు. మాలో ఒకరి చేతిలో తస్బీహ్ ఒక్క క్షణం ఆగలేదు.

ఆ రోజు ట్రాక్ మీద అందరికంటే నెమ్మదిగా పోయిన కారు మాదే. ప్రతి చుట్టులోనూ నీలం జెండా చూడవలసి వచ్చింది. ఐదవ చుట్టుకు వేడి ముల్లు పైకి లేవడంతో తానే పక్కకు తీసి ఆపివేశాడు. ఇంజను చల్లారే లోగా జుహ్ర్ వేళైంది. ప్రయాణికులం గనుక ఖసర్ చేసి నమాజు ముగించాము. అందరూ దాటిపోయారని చిన్నబోయిన కుమారునికి దైవప్రవక్త (స) ఒంటె అద్బా ప్రస్తావన చేశాము. ఎన్నడూ ఓడని ఆ ఒంటెను ఒక పల్లెవాసి ఒంటె దాటిపోతే సహాబాలు బాధపడ్డారు. లోకంలో పైకెత్తబడిన దేనినైనా అల్లాహ్ కిందికి దించి తీరుతాడని దైవప్రవక్త (స) వారికి తెలియజేశారు.

సాయంత్రం మావాడన్న మాట మేము మరువలేము. “అబ్బా, ఇక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు. ఎదురుగా ఎవరూ రారు. కారు జారితే ఆగడానికి ఖాళీ నేల ఉంది, అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఇన్ని ఉన్నా మలుపు దగ్గర నాకు భయం వేసింది. మన బోధన్ రోడ్డు మీద ఇవేవీ లేవు కదా అమ్మీ!” ఆ జనాజా లేచిన ఇంటి పేరు అతడు పలకలేదు, మేమూ పలకలేదు.

నేడు ఆ కారు మళ్లీ వెనుక సీటుతో నానీని ఆసుపత్రికి తీసుకువెళ్తోంది. మావాడు నడిపితే ఆమె నిద్రపోతుంది. ఇలాంటి కోరికతో మీ ఇంటి బిడ్డ మీ ముందు నిలబడితే, వెంటనే గద్దించకండి, వెంటనే తలూపకండి. కూర్చోబెట్టి హద్దులు చెప్పండి, ఆ హద్దుల వరకు వెంట నడవండి. స్వారీ దువాలో మనం వాహనాన్ని వశం చేసిన ప్రభువును కొనియాడి, చివరకు ఆయన వద్దకే మరలిపోతామని ఒప్పుకుంటాము. ఆ మరలింపు ఆయన నిర్ణయించిన వేళకే జరగాలి, మన పిల్లల దుడుకుతనం వల్ల ఏ అమాయకుని ఇంట కన్నీరు కారకూడదు. అల్లాహ్ మన బిడ్డలందరినీ దారిలోనూ, దారి చివరనూ కాపాడుగాక! ఆమీన్.