గోదారి వంతెన కింద చేపల గోడు

రాజమండ్రి వెళ్ళి గోదావరి వంతెనలు చూడకుండా తిరిగొచ్చేవాళ్ళుంటారా? రైలు నది మీదకి రాగానే పిల్లలు కిటికీలకి అతుక్కుపోతారు. మనమేమో పర్సులో చిల్లర వెతికి, దణ్ణం పెట్టుకుని నీళ్ళలో వేస్తాం.

ఈసారి వెళ్తే సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కాసేపు కూర్చోండి. 1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు నడవడం లేదు. 1974లో వచ్చిన దాని మీద కింద రైళ్ళు, పైన బస్సులు, లారీలు. విల్లు వంచినట్టు కమానులతో ముచ్చటగా ఉండేది మూడోది, అది రైళ్ళకే. 2015లో కొవ్వూరు వైపు నుంచి రోడ్డుకి మరో వంతెన కూడా వచ్చింది.

రైలు వెళ్తుంటే ఒడ్డున ఉన్న మనకే చెవులు హోరెత్తుతాయి. మరి నీళ్ళలోని చేపల మాటేమిటి?

చిత్రమేమిటంటే, రైలు కూత వాటికి అంతగా వినిపించదు. గాలిలోని మోత చాలావరకు నీటికి తగిలి వెనక్కి పోతుంది. కానీ వంతెన అదురు మాత్రం స్తంభాల గుండా తిన్నగా నీళ్ళలోకి దిగుతుంది. గట్టు మీద మిక్సీ వేస్తే పక్కనున్న గ్లాసులో నీళ్ళు వణుకుతాయి చూడండి, అలాగన్నమాట! పైగా నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ వేగం.

చేపకి పైకి చెవులు కనబడవు గానీ తల లోపల ఉంటాయి. కొన్ని చేపల తల కోసినప్పుడు తెల్లటి చిన్న రాళ్ళు కనిపిస్తాయే, అవి వినికిడి కోసమే. మన బొచ్చె, శీలావతి, వాలుగలకైతే పొట్టలోని గాలితిత్తి నుంచి చెవి దాకా సన్నటి ఎముకల వరస ఉంటుంది. అందుకే వాటి వినికిడి మరీ చురుకు.

మోత ఎక్కువైతే చేపలు బెదురుతాయి, మేత సరిగ్గా పట్టుకోలేవు, శత్రువు వచ్చే అలికిడి తెలియదు. పోనీ దూరంగా పోదామంటే, స్తంభాల దగ్గరే నాచు, నీడ, లోతైన గుంటలు. తిండి ఉన్నచోటే గోల!

పులస తగ్గిపోయిందని ఈ నేరం వంతెనల మీద వేయకండి. సముద్రం నుంచి ఎదురీదే పులసకి ధవళేశ్వరం ఆనకట్టే పెద్ద అడ్డు. దానికి తోడు విపరీతమైన వేట, కాలుష్యం.

అలాగని వంతెనలు లేకుండా మనకి జరుగుతుందా? జరగదు. అతుకులు వదులవకుండా చూసుకుంటే, దూలాల కింద అదురు తగ్గించే రబ్బరు దిమ్మలు వేస్తే మోత తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద చప్పుడు కొత్త వంతెనకి నీళ్ళలో స్తంభాలు దిగ్గొట్టేటప్పుడే. ఆ పని బొచ్చె, శీలావతి గుడ్లు పెట్టే వానాకాలంలో మానేస్తే చాలు, ఎంతో మేలు.

నిద్రపోయే పసిబిడ్డ ఉన్న ఇంట్లో గిన్నెలు చప్పుడు కాకుండా దించుకునేవాళ్ళం మనం. గోదారి తల్లి ఒళ్ళోనూ బిడ్డలున్నారు. వాళ్ళనీ కాస్త కనిపెట్టుకోవాలి కదూ!