పోటీకి పేరిస్తానన్న పిల్ల

2025 మే నెలంతా మన టీవీల్లో మిస్ వరల్డ్ కబుర్లే. వందకు పైగా దేశాల అమ్మాయిలు హైదరాబాదు వచ్చారు, రామప్ప చూశారు, పోచంపల్లి చీరలు చూశారు. వైరాలో మా ఇంట్లోనూ రాత్రి అన్నాల వేళ అదే ముచ్చట. మా అత్తయ్య “అవేం బట్టలే తల్లీ” అంటూనే కళ్లజోడు తుడుచుకుని మరీ చూసేవారు. అంతవరకు సరదాగానే ఉంది. జూన్‌లో మా చిన్నది, అప్పుడే ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిన పిల్ల, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. “అమ్మా, టీనేజ్ వాళ్లకీ పోటీలున్నాయి. నేను పేరిస్తా” అంది.

ఆ ప్రకటన రెండుసార్లు చదివాను. పేరు నమోదుకు ఒక ఫీజు, శిక్షణకు ఇంకో ఫీజు, బట్టలూ మేకప్పూ మన ఖర్చే. చివర్లో మాత్రం, వచ్చిన డబ్బులో కొంత అనాథ పిల్లలకు ఇస్తామని ఒక ముక్క. ఏ ఊళ్లో పిల్లలు, ఎంత ఇస్తారు అని మెసేజ్ పెట్టాను. “ముందు ఫీజు కట్టండి మేడం, అన్నీ చెప్తాం” అని జవాబు. వద్దులే అన్నాను.

పిల్ల నా మొహం వంక చూసి, “నేను నల్లగా ఉన్నాననేగా?” అంది.

నేను అనుకున్నది డబ్బు గురించి, దానికి వినపడింది రంగు గురించి. ఆ మాట ఊరికే రాలేదు. ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు “పిల్లకి కాస్త శనగపిండి రాయొచ్చుగా వదినా” అంటూనే ఉన్నారు. ఇలాంటి పిల్లకి ఉత్త “వద్దు” చెప్తే సరిపోదు, ఎందుకు వద్దో చెప్పాలి. అందుకే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నీనా దావులూరి సంగతి చెప్పాను.

నీనా అమ్మానాన్నలది మనకు దగ్గరే, విజయవాడ. అమ్మమ్మ వేగె కోటేశ్వరమ్మగారు అక్కడ మాంటిస్సోరి విద్యాసంస్థలు పెట్టి వేలమంది ఆడపిల్లల్ని చదివించిన మనిషి. నీనా పుట్టింది అమెరికాలో. 2006లో మిషిగన్ రాష్ట్రం టీనేజ్ కిరీటం గెలిచింది. ఆ తర్వాత అమెరికా మొత్తానికి జరిగిన టీనేజ్ పోటీలో మొదటి రన్నరప్. అప్పటికి దానికి 17 ఏళ్లు, అంటే ఇంచుమించు మా పిల్ల ఈడే. అక్కడ బహుమతి స్కాలర్‌షిప్‌గా ఇస్తారు. ఆ డబ్బు మిషిగన్ యూనివర్సిటీలో చదువుకు పనికొచ్చింది. 2013 సెప్టెంబర్‌లో మిస్ అమెరికా అయింది. భారతీయ మూలాలున్న అమ్మాయి ఆ కిరీటం పెట్టుకోవడం అదే మొదలు. ఆ రాత్రే ట్విట్టర్‌లో దాన్ని ఉగ్రవాది అని తిట్టినవాళ్లున్నారు. ఇటు మనవాళ్లేమో, ఈ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదే కాదు అని రాశారు. అది నిజమని మనందరికీ తెలుసు, చెప్పుకోవడానికే సిగ్గు. తర్వాత నీనా రంగు వివక్ష మీద ‘కాంప్లెక్షన్’ అని డాక్యుమెంటరీ తీసింది.

పిల్ల ఫోన్ పక్కన పెట్టి వింది. “చూశావా, రంగు కాదు” అంది. కాదు, అందుకే చెప్తున్నా అన్నాను.

నాకు నచ్చింది ఇంకోటుంది. ఆ రోజుల్లో మిస్ అమెరికా పోటీల్లోకి దిగాలంటే పిల్లల ఆసుపత్రుల కోసం విరాళాలు పోగుచెయ్యాలి. అంటే ర్యాంపు మీద నడవకముందే నలుగురి గుమ్మాలెక్కి చెయ్యి చాపాలి. మనం ఆడపిల్లలకి ఎవర్నీ ఏమీ అడగొద్దని నేర్పుతాం. ఇంకొకరి కోసం అడగడం వేరే సంగతి. అది మా పిల్ల కిరీటం లేకుండానే నేర్చుకుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగినప్పుడు, స్నేహితురాళ్లతో కలిసి వైరా బజార్లో కొట్టుకొట్టుకీ తిరిగింది. మొదటి కొట్టు దగ్గర నోరు పెగల్లేదట. పదో కొట్టు దగ్గర, “పది రూపాయలేంటి అంకుల్, దుప్పటి ఎంతో మీకు తెలీదా?” అందట. సాయంత్రం నోట్‌బుక్‌లో పైసాతో సహా లెక్క రాసి పెట్టింది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మే 31న హైదరాబాదులో గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి సుచాతా కథా అలాంటిదే. 16 ఏళ్ల వయసులో రొమ్ములో గడ్డ కనపడితే ఆపరేషన్ చేశారు. అదృష్టం, క్యాన్సర్ కాదు. అప్పట్నుంచి రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం పనిచేస్తోంది. తన ఒంటిమీదకొచ్చిన కష్టంలోంచి పుట్టిన సేవ అది. ప్రకటన చివర్లో అతికించిన ముక్క కాదు.

మంచే చెప్పి ఊరుకుంటే పిల్లని మోసం చేసినట్టే. బరువుతోనూ తిండితోనూ తను పడ్డ అవస్థ నీనాయే చెప్పుకుంది. తిని, మళ్లీ కక్కేసే బులీమియా దాకా వెళ్లిందట. పదహారు పదిహేడేళ్ల ఒళ్లు ఇంకా ఎదుగుతుంటుంది. ఆ వయసులో నడుము కొలతకి మార్కులేస్తే, ఆ మార్కులు పెళ్లయి పిల్లలు పుట్టినా బుర్రలోంచి పోవు. కాన్పు తర్వాత అద్దం చూసుకోవడం మానేసిన ఆడవాళ్లు మనలో ఎంతమంది లేరు! వాళ్లెవరూ పోటీలకెళ్లలేదు. మార్కులు మాత్రం పడ్డాయి.

మా ఆయన “ఇంతకీ పంపుతావా, పంపవా?” అన్నారు. పంపనని అనలేదు. మూడు ప్రశ్నలు అడగమన్నాను. ఓడినా గెలిచినా పిల్లకి ఏమొస్తుంది? సేవ పేరుతో వసూలైన డబ్బు ఎవరికి చేరింది, లెక్క చూపిస్తారా? తూకం, కొలతలు అడుగుతారా? అడిగితే అక్కడితో ఆపెయ్యాలి.

ఆ ప్రశ్నలు పిల్లే టైపు చేసి పంపింది. జవాబు రాలేదు సరికదా, ఆ నంబరు దీన్ని బ్లాక్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నా. “లెక్కడిగితే పారిపోయారు చూడమ్మా” అని నవ్వింది. ఇప్పుడు ఇంకో పోటీ వెతుకుతోంది, ఆ మూడు ప్రశ్నలూ దగ్గర పెట్టుకుని. వెతకనీ. అత్తయ్య మాత్రం ఈమధ్య శనగపిండి మాటెత్తిన వాళ్లతో, “మా మనవరాలికేం తక్కువ, లెక్కలడిగే పిల్ల” అంటున్నారు.