పాతిక మార్కుల ఊరు

నవలకీ కథకీ ఉన్నట్టే విశ్వవిద్యాలయాల్లో జరిగే పర్యావరణ సభలకి కూడా ఒక స్థిరమైన రూపం ఉంది. ముందు జ్యోతి ప్రజ్వలన. వెనక గోడకి ఫ్లెక్సీ. ప్లాస్టిక్ వాడొద్దని రాసేది ఆ ఫ్లెక్సీ మీదే. ఆ తర్వాత అతిథులకి శాలువాలు, మొక్క నాటడం, ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ బహుమతులు, చివర్లో గ్రూప్ ఫొటో. పోస్టర్ల పోటీ ఉంటే నోట్లో థర్మామీటర్ పెట్టుకున్న భూగోళం, మంచుముక్క మీద ఎలుగుబంటి, రెండు అరచేతుల మధ్య మొలక తప్పనిసరి. పుస్తకాల మీద అప్పుడప్పుడూ రాసే అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఎక్కడికెళ్లినా ముందు రూపమే కనబడుతుంది. ఈ రూపం పాతబడినా పెద్ద నష్టం లేదు గానీ, అందులో ఊరు లేకపోవడమే బాధ. బ్యానర్ మీద పేరు మారిస్తే అదే సభ ఇంకే ఊళ్లోనైనా జరుపుకోవచ్చు.

ఇదంతా అధ్యాపకుల బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ల ఏడో ప్రమాణంలో పర్యావరణం ఒక అంశం. గ్రీన్ ఆడిట్ చేయించారా, కార్యక్రమాలు జరిపారా అని అడుగుతారు. రుజువుగా జియోట్యాగ్ ఉన్న ఫొటోలు పెట్టాలి. అంటే ఫొటోలో అక్షాంశాలు, రేఖాంశాలు పడాలి. మొక్క బతికిందా అని రెండేళ్ల తర్వాత వచ్చి అడిగేవాళ్లు ఉండరు. సాఫ్ట్‌వేర్‌లో మాకిది బాగా తెలిసిన సంగతే: ఏది కొలుస్తారో అదే తయారవుతుంది. ఫొటో అడిగితే ఫొటోలే తయారవుతాయి.

ఈ చదువు మనకి కోర్టు ద్వారా వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో భాగం చెయ్యమంది. పన్నెండేళ్లైనా పని సరిగ్గా జరగలేదని 2003 డిసెంబరులో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల తప్పనిసరి కోర్సు రూపొందించింది. ఆ నమూనా సిలబస్‌ని ఈమధ్య తీరిగ్గా చదివాను. మొత్తం వంద మార్కుల్లో 75 పరీక్షకి, 25 ఫీల్డ్ వర్క్‌కి. మీ చుట్టుపక్కల ఉన్న వాగో అడవో గుట్టో చూసి దాని వివరాలు రాయండి, కలుషితమైన చోటు ఒకటి చూడండి, స్థానికంగా ఉండే మొక్కల్నీ పురుగుల్నీ పక్షుల్నీ గమనించండి అని అందులో స్పష్టంగా ఉంది. అంటే ఊరికి చోటిచ్చారు. పాతిక మార్కుల చోటు.

ఆచరణలో ఆ పాతిక మార్కులు ఎక్కడికి పోయాయో మా తరం వాళ్లకి తెలుసు. మేం ఇంజనీరింగ్ చదివిన కాలేజీలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అంటే పరీక్ష ముందు రాత్రి చదివే సబ్జెక్టు. ఓజోన్ పొర మీద రెండు పేజీలు అందరికీ కంఠతా వచ్చు. కాలేజీ వెనక చెరువు పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

కిందటి చలికాలంలో హనుమకొండలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు క్లైమేట్ యాక్షన్ మీద రెండు రోజుల కార్యక్రమం పెట్టి, డేటా గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాది జనగామ దగ్గర ఊరు. అమ్మమ్మగారిది కేసముద్రం వైపు. పాత వరంగల్ జిల్లాని 2016 దసరాకి ముక్కలు చేసినప్పుడు మా చుట్టాలందరూ తలా ఒక జిల్లాలో పడ్డారు. హాల్లో పిల్లల్ని ఏ ఊరని అడిగితే చాలామంది ఆ ముక్కల వాళ్లే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.

నేను స్లైడ్లు మొదలుపెట్టే ముందు ఒక అంకె మాత్రం బోర్డు మీద రాశాను. 616.5. ఇదేమిటని అడిగితే ఎవరూ చెప్పలేదు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 2023 జులై 27 ఉదయానికి 24 గంటల్లో పడ్డ వాన, మిల్లీమీటర్లలో. అదే రోజు పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8. రాష్ట్రానికి ఏడాది మొత్తం సగటు వాన సుమారు 900. ఆ రాత్రే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం డాబాల మీదా చెట్ల మీదా తెల్లార్చారు. హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. నలుగురు కొట్టుకుపోయారు. మరుసటేడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఫొటో అందరూ చూశారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందన్నది పాత భౌతికశాస్త్రమే. ఈ రెండు వరదల్లో దాని వాటా ఎంత, తెగిన చెరువు కట్టల వాటా ఎంత, నీటి దారిలో మనం కట్టినవాటి వాటా ఎంత అని విడదీయాలంటే ఊరూరా లెక్కలు కావాలి. వాన లెక్కయినా మనకి తెలిసింది రాష్ట్ర ప్రణాళికా శాఖ అక్కడ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ పెట్టింది కాబట్టి.

చిట్యాల పేరు విన్నాక హాలు మారింది. వెనక బెంచీల్లోంచి చేతులు లేచాయి. మోరంచపల్లిలో మా మేనత్త ఉంటది సార్ అని ఒకమ్మాయి. మా తండాకు రెండు దినాలు తొవ్వ లేదు అని ఇంకొకబ్బాయి. గోడల మీద వాళ్లు గీసిన పోస్టర్లలో మాత్రం ఎలుగుబంట్లే ఉన్నాయి.

అప్పుడు ఒక కుర్రాడు లేచాడు. "సార్, మాది భూపాలపల్లి. మా నాయిన బొగ్గుబాయిల పనిచేస్తడు. పొద్దున మేమంతా నిలబడి బొగ్గు వాడకం తగ్గియ్యాలె అని ప్రతిజ్ఞ చేసినం. తగ్గితే మా నాయిన ఏం జెయ్యాలె?"

హాలు నవ్వింది. వేదిక మీంచి ఎవరో టైమైందన్నట్టు గడియారం చూశారు. "నవ్వకండి, ఇవాళ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇదే" అని, "కూర్చో తమ్మీ, మాట్లాడుకుందాం" అన్నాను.

భూపాలపల్లి తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఆ పట్నం సింగరేణి గనుల మీద నిలబడింది. కాకతీయ ఖని అని పేర్లున్న బాయిలు, ఓపెన్ కాస్టులు. కొద్ది దూరంలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, 500 మెగావాట్లది ఒకటి, 600ది ఒకటి. హైదరాబాదులో నేను కూర్చునే ఆఫీసు ఏసీకి వచ్చే కరెంటులో ఆ కుర్రాడి తండ్రి తవ్విన బొగ్గూ ఉండే ఉంటుంది. ఇలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లవాడి చేత ప్రతిజ్ఞ చేయించి, ఆ తర్వాతి మాట చెప్పకుండా పంపించడం న్యాయం కాదు. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం ప్రకటించింది. ఆ పిల్లవాడి ఉద్యోగకాలమంతా ఆ గడువులోపే గడుస్తుంది.

జర్మనీలో రూర్ అని బొగ్గు ప్రాంతం ఉంది. అక్కడ ఆఖరి నల్లబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. ఒక్కరోజులో కాదు, గనులు తగ్గడం మొదలై అప్పటికి అరవై ఏళ్లు. ఆఖరి గడువు 2018 అని 2007లోనే చట్టం చేసుకున్నారు, కార్మికులకి పెన్షన్లూ వేరే పనులూ చూసుకోవడానికి వ్యవధి ఉండేలా. అన్నీ సవ్యంగా జరిగాయని కాదు, ఆ పట్నాల్లో నిరుద్యోగం ఇప్పటికీ ఉంది. కానీ నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. బోహుమ్‌లో రూర్ విశ్వవిద్యాలయం స్థాపించింది 1962లో, తరగతులు మొదలైంది 1965లో. గనులు మూతపడటం మొదలైన రోజుల్లోనే గని కార్మికుల పిల్లలకి దగ్గరలో ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే అక్కడ విశ్వవిద్యాలయమే ఒక క్లైమేట్ యాక్షన్, ఆ పేరు ఇంకా పుట్టకముందు. నేను ఆ అబ్బాయికి ఇదే చెప్పాను. "మరి మనకు ఎవరు ప్లాన్ చేస్తున్నరు సార్?" అన్నాడు. ఆ ప్రశ్న నాకన్నా అతని యూనివర్సిటీకే చెందుతుంది.

జనగామ పిల్లలకి నేను చెప్పింది ఏనబావి గురించి. లింగాలఘనపురం మండలంలో యాభై పైచిలుకు కుటుంబాల చిన్న ఊరు. ఎర్ర గొంగళిపురుగు బెడదతో మొదలైన కథ అది. తొలకరి వానలకి లేచే రెక్కల పురుగుల్ని మంటలతో, దీపాలతో పట్టడం నేర్చుకుని, మందు డబ్బాలు మానేశారు. తర్వాత యూరియా కూడా మానేశారు. జనగామలోని క్రాప్స్ అనే సంస్థా, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రమూ వెంట ఉన్నాయి. 2006లో ఊరంతా రసాయనాలు లేని గ్రామమని ప్రకటించుకుంది. యూరియా వేసిన నేలలోంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ బరువుకి బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. వాతావరణం కోసమని వాళ్లు మొదలుపెట్టలేదు. అప్పు తగ్గాలి, ఒళ్లు బాగుండాలి, అంతే. హాల్లో జనగామ వైపు పిల్లలు పదిమందికి పైగా ఉన్నారు. ఏనబావి పేరు విన్నవాళ్లు ఇద్దరు.

రాసిపెట్టుకోవడం వల్ల ఏమొస్తుందని ఒక లెక్చరర్ భోజనాల దగ్గర అడిగారు. మంచి ప్రశ్నే. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించింది. చెరువు తవ్వించిన సంగతితో పాటు కాకతీయుల వంశక్రమం కూడా రాయించింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత చరిత్రకారులు ఆ రాజుల మొదటి తరాల వరస సరిచూసుకున్నది చెరువు దగ్గరి ఆ రాతితోనే. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, ఇది ఉత్త రాళ్లభూమి కాదు అని చెప్పడానికి అక్కడి పక్షుల జాబితాలు పనికొచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ పక్షుల్ని ఏళ్ల తరబడి లెక్కపెట్టిన వాళ్లకి అప్పట్లో ఎవరూ శాలువా కప్పలేదు.

అందుకని నాకు తోచిన సూచన చిన్నది. సభ ఎలాగూ జరుగుతుంది, జరగనివ్వండి. ఆ సిలబస్‌లోని పాతిక మార్కులు మాత్రం పిల్లల ఊళ్లకి తిరిగి ఇచ్చెయ్యండి. జనగామ పిల్లలు తమ వాడలో ఎన్ని బోర్లు ఏ సంవత్సరం ఎంత లోతుకి వేశారో రాయాలి. మా నాయిన వేయించిన నాలుగు బోర్ల లెక్క ఒక పాత డైరీలో ఉంది. ఒక్కో బోరుకీ లోతు పెరుగుతూ పోయిన ఆ పేజీకి మించిన గ్రాఫు నా స్లైడ్లలో లేదు. మహబూబాబాద్ పిల్లలు 2024లో నీళ్లు ఏ గోడ మీద ఎంత ఎత్తుకి వచ్చాయో, ఏ కట్ట ఎక్కడ తెగిందో గుర్తులు చెరిగిపోకముందే రాయాలి. భూపాలపల్లి పిల్లలు బొగ్గు మీద బతికేవాళ్లని లెక్కపెట్టాలి. పర్మినెంటు, కాంట్రాక్టు, లారీ డ్రైవరు, హోటలు, కిరాయికిచ్చిన గది, అందర్నీ. జియోట్యాగ్ దీనికీ పెట్టుకోవచ్చు.

రెండు నెలల తర్వాత ఆ భూపాలపల్లి అబ్బాయి నాకు ఒక స్ప్రెడ్‌షీట్ పంపాడు. మార్కులకి కాదు, సొంతంగా చేశాడు. తమ క్వార్టర్ల వరసలో ఇంటింటికీ తిరిగి అడిగింది. పని చేసే చోటు, పర్మినెంటా కాదా, ఇంట్లో చదివేవాళ్లు ఎందరు, ఇంకెన్నేళ్ల సర్వీసు. అడ్డదిడ్డంగా ఉంది, కొన్ని గడులు ఖాళీ. కాంట్రాక్టు వాళ్ల దగ్గర సర్వీసు గడిలో "చెప్పలేం" అని రాశాడు, అదే మాట వరసగా కిందిదాకా. వాళ్ల నాన్న పేరు పక్కన ఆరేళ్లు అని ఉంది. అతని చదువు పూర్తవడానికి ఇంకో రెండేళ్లు. "ఇది ఎవరికి ఇయ్యాలె సార్?" అని మెయిల్ చివర్లో అడిగాడు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వు, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో, కాపీ నీ దగ్గర ఉంచుకో అని జవాబు రాశాను.