షిఫ్టులెన్నైనా... పులుసు ఒక్కటే!

ఆదివారం అంటే సెలవని క్యాలెండరు చెబుతుంది. విశాఖపట్నంలో మాత్రం ఆ మాట అందరికీ వర్తించదు. రేవులో ఓడలు ఆగవు. ఉక్కు కర్మాగారంలో కొలిమి ఆరదు. వేటకెళ్లిన బోటు వారం చూసుకుని తిరిగిరాదు. అయినా సరే, ఆ రోజు ఏ వీధిలోకి వెళ్లినా పోపు వాసన కాస్త ఎక్కువే! ఇంటిల్లిపాదీ ఒకే వేళకు కూర్చుని తినడం కష్టమైన ఊళ్లో ఆదివారం వంట ఎలా సాగుతుంది? ఆ సంగతి తెలియాలంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లాలి.

వేలంపాటతో మొదలు

చీకటి విడకముందే హార్బరు మేలుకుంటుంది. రోజుల తరబడి సముద్రం మీద ఉన్న మరబోట్లు జెట్టీకి చేరగానే చేపలు కుప్పలుగా దిగుతాయి. చుట్టూ జనం మూగుతారు. వేలంపాట మొదలవుతుంది. పాడుకునేవాళ్లలో ఆడవాళ్లు చాలామందే ఉంటారు. మగవాళ్లది వేట, ఆడవాళ్లది అమ్మకం... జాలరి కుటుంబాల్లో తరాలుగా వస్తున్న పద్ధతి ఇది. దక్కిన సరుకును ఐసుముక్కల మధ్య సర్దుకుని, గంప నెత్తికెత్తుకుని కొందరు, ఆటోల్లో కొందరు ఊళ్లోకి బయల్దేరతారు. పెద జాలరిపేట లాంటి చోట్ల చిన్న పడవలు నేరుగా ఇసుక మీదికే వస్తాయి. వాటిలో చేపలు ఐసు మొహం చూడనివి. అందుకే వాటికి గిరాకీ వేరు.

మిగతా రోజులకన్నా ఆదివారం బేరం ఎక్కువ, ధర కూడా ఎక్కువే. 'ఆదివారం కదమ్మా...' అన్న ఒక్క మాటతో గంప దించిన మనిషి వాదన ముగించేస్తుంది. కొనేవాళ్లూ తక్కువేం కాదు. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తారు. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయిందా, ఆ చేప పక్కకే. కన్ను మసకబారిందా, అది నిన్నటిదే!

ఏ చేపకు ఆ వంట

మిగతా చోట్ల వంజరం అనే చేప ఇక్కడ కోనాం. ముళ్లు తక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది. చుట్టాలొస్తే, చేతిలో డబ్బులుంటే కోనామే. చందువా వేపుడికి బాగుంటుంది. కానాగంతలు పులుసుకూ, వేపుడుకూ కూడా పనికొస్తాయి. చిన్నచేపల్లో కవళ్లు, నెత్తళ్లు ముందు వరసలో ఉంటాయి. ధర తక్కువ, రుచి ఎక్కువ. నెత్తళ్లలో చింతచిగురు వేసి దగ్గరగా వండితే అన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదంటారు పెద్దవాళ్లు. బాలింత ఉన్న ఇల్లయితే పాలసొర కోసం వెతుకుతారు. దాన్ని ఉడికించి, ముల్లు తీసి, చిదిమి, వెల్లుల్లి బాగా దట్టించి పిట్టు చేస్తారు.

చిక్కంతా చిన్నచేపలతోనే. కవళ్లు కిలో కొంటే పొలుసు గీకి, తల తీసి, రాళ్ల ఉప్పూ పసుపూ వేసి తోమేసరికి గంట గడిచిపోతుంది. ముల్లు తీసుకుంటూ తినే ఓపిక పిల్లలకు లేదు. అందుకే చాలా ఇళ్లలో చిన్నచేపల స్థానంలోకి ముల్లు లేని ముక్కలు, బాయిలర్ కోడి వచ్చేశాయి. కవ్వ నుంచి ముల్లు వేరుచేసి మనవడి నోట్లో ముద్ద పెట్టే నాయనమ్మ ఉన్న ఇంట్లోనే ఆ రుచి తర్వాతి తరానికి అందుతోంది.

రాత్రి షిఫ్టు వాళ్ల కోసం...

విశాఖ రేవు 1933లో మొదలైంది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి భారీ ఓడ 'జల ఉష' 1948లో ఇక్కడి షిప్‌యార్డు నుంచే నీళ్లలోకి దిగింది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమ ఫలితంగా 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి వేల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వాటితో పాటే వాళ్ల ఊళ్ల వంటలూ వచ్చాయి.

ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ. అన్నపూర్ణ పేరు పెట్టుకున్న కొలిమి కూడా అన్నం వేళ చూసుకోదు! ఇనుము కరిగించే కొలిమిని రోజూ ఆర్పి వెలిగించడం కుదరదు. కాబట్టి ఎనిమిదేసి గంటల లెక్కన మూడు షిఫ్టులూ మనుషులు ఉండాల్సిందే. ఉక్కునగరం, గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్లలో వారాంతపు సెలవు ఒకరికి మంగళవారం, ఇంకొకరికి శుక్రవారం. తండ్రి పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి పిల్లలు తినేసి ఉంటారు. రాత్రి షిఫ్టు చేసినవాళ్లయితే ఇల్లంతా భోంచేసే వేళకు నిద్రలో ఉంటారు.

ఇలాంటి ఇళ్లకు దొరికిన ఉపాయమే పులుసు. వేపుడు చల్లారితే రుచి పోతుంది. బిర్యానీ మళ్లీ వేడిచేస్తే మెతుకు బిరుసెక్కుతుంది. చేపల పులుసు అలా కాదు, ఆగేకొద్దీ రుచే! పొయ్యి మీంచి దించిన తర్వాత కూడా ఉప్పు, కారం, పులుపు నెమ్మదిగా ముక్కలోకి దిగుతూ ఉంటాయి. చింతపండు పులుపు నీచువాసనను అణచేస్తుంది. మట్టిదాకలో వండితే వేడి చాలాసేపు నిలుస్తుంది. అందుకే పదకొండు గంటలకల్లా పులుసు దించేసి మూత పెడతారు. ఒంటిగంటకు తిన్నా, మూడింటికి తిన్నా, రాత్రి డ్యూటీకి వెళ్లేముందు తిన్నా అదే పులుసు. తలకాయ ముక్క, తోక దగ్గరి ముక్క ఎవరెవరికో ముందే లెక్క ఉంటుంది. రాని మనిషి వాటా ఎవరూ ముట్టుకోరు.

పనసపొట్టు ఇళ్లు, ఆవ ఇళ్లు

ఆదివారమంటే చేపలేనా? కానే కాదు. మాంసం దుకాణాల ముందు పొద్దున్నే వరసలుంటాయి. గారెలు, కోడికూర జోడీ చాలా ఇళ్లలో ఆదివారపు ఫలహారం. ఇక శాకాహారుల ఇళ్లకు సింహాచలం కొండే పెద్ద పెరడు. అక్కడి పనస, అనాస ఊరంతటికీ ఇష్టం. లేత పనసకాయల కాలంలో పూర్ణా మార్కెట్లోనూ, రైతుబజార్లలోనూ పనసపొట్టు కొట్టి అమ్ముతారు. దాన్ని ఉడికించి, చింతపండు పులుసు పట్టించి, ఇంగువ పోపు వేసి, దించాక ఆవపిండి ముద్ద కలిపితే ఘాటు నషాళానికి అంటుతుంది. కందా బచ్చలి కూరకూ అదే ఆవ. పక్కనే ఉన్న అనకాపల్లి బెల్లం ముక్కల పులుసులో చిన్న తునకై కరుగుతుంది. ఉత్తరాంధ్ర పులుసులో నాలుకకు తగలీ తగలనట్టుండే ఆ తీపి అక్కడిదే.

ఊరికి వచ్చినవాళ్లు ఆంధ్రులు మాత్రమే కాదు. వాల్తేరు రైల్వే డివిజన్ 2003 వరకు కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలో ఉండేది. ఆ తర్వాత భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లింది. అలా వచ్చిన బెంగాలీలు ఆవముద్దతో చేప వండుతారు. ఒడియా ఇళ్లలో పప్పు, కూరముక్కలు కలిపిన దాల్మా ఉడుకుతుంది. తూర్పు నౌకాదళంలో పనిచేసే మలయాళీ కుటుంబం అదే కానాగంతలో కొబ్బరిపాలు పోస్తుంది. గంప ఒక్కటే... వంటలు నాలుగు!

గంప రాని రెండు నెలలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని ఈ విరామం. 2015కు ముందు ఇది 47 రోజులే. ఆ రోజుల్లో ఆదివారం వంట మారుతుంది. చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె వస్తాయి. అటక మీది డబ్బాల్లోంచి ఎండురొయ్యలు, ఎండునెత్తళ్లు దిగుతాయి. వంకాయలో కొన్ని ఎండురొయ్యలు వేసినా చాలు, వీధి చివరికి వాసన తెలిసిపోతుంది. తినేవాళ్లకు ఇది రుచి మార్పు. గంప మోసేవాళ్లకు మాత్రం కూలి లేని రెండు నెలలు. 2023 నవంబరులో హార్బరులో జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు దెబ్బతిన్నప్పుడు, వేట ఒక్కసారి ఆగితే ఎన్ని ఇళ్ల పొయ్యిలు ఆలోచనలో పడతాయో ఊరందరికీ తెలిసొచ్చింది.

వండేవాళ్లకు ఆదివారం ఏదీ?

ఊరంతా ఆదివారం తినేందుకు తెల్లవారుజామున లేచిన మనిషి తన ఇంట్లో పొయ్యి వెలిగించేది మధ్యాహ్నం దాటాకే. పెద్దచేపలు అమ్ముడైపోగా గంప అడుగున మిగిలిన నాలుగు చిన్నచేపలే చాలాసార్లు ఆ ఇంటి ఆదివారం కూర. విచిత్రమేమిటంటే, ఊళ్లో మంచి పులుసు ఎక్కడ దొరుకుతుందని అడిగితే వేలు చూపించేది ఆ పేటల వైపే!

ఇక మిగతా ఇళ్లలో వారమంతా ఒక కూరతో సరిపెట్టిన అమ్మకు ఆదివారం మూడు రకాలు చేయాల్సిన రోజు. పైగా మూడు షిఫ్టుల వాళ్లకు మూడుసార్లు వడ్డన. ఈమధ్య కొన్ని ఇళ్లలో చేపలు తోమడం మగవాళ్ల పని అయింది. ఆదివారం పొయ్యి దగ్గర నాన్నే ఉండే ఇళ్లూ పెరుగుతున్నాయి. ఉప్పు కాస్త అటూఇటూ అయినా ఆ పులుసును ఎవరూ వంక పెట్టరు!

కోనాం పులుసు ఇలా...

కావలసినవి: కోనాం ముక్కలు కిలో, పెద్ద నిమ్మకాయంత చింతపండు, ఉల్లిపాయలు 3, పచ్చిమిర్చి 6, కారం 3 చెంచాలు, ధనియాలపొడి 2 చెంచాలు, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచా, మెంతులు పావుచెంచా, జీలకర్ర, కరివేపాకు, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, నువ్వుల నూనె చిన్న గరిటెడు, కొత్తిమీర.

తయారీ: ముక్కలకు ఉప్పు, పసుపు, సగం కారం పట్టించి పావుగంట ఉంచాలి. వెడల్పాటి దాకలో నూనె కాగాక మెంతులు, జీలకర్ర, కరివేపాకు వేసి, ఉల్లిపాయ ముద్దను పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, మిగిలిన కారం, ధనియాలపొడి కలిపి చింతపండు రసం పోయాలి. పులుసు బాగా మరిగాకే ముక్కలు ఒక వరసలో పరచాలి. ఇక గరిటె పెట్టకూడదు. ముక్క విరిగిపోతుంది. దాకను గుడ్డతో రెండువైపులా పట్టుకుని మెల్లగా తిప్పాలి. సన్నని మంట మీద పది, పన్నెండు నిమిషాలు చాలు. నూనె పైకి తేలాక బెల్లం, కొత్తిమీర వేసి దించేయాలి. కనీసం గంట ఆగి వడ్డిస్తే మంచిది. మిగిలితే ఓసారి మరిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. సోమవారం క్యారేజీలోకి వెళ్లేది అదే!