మేం ఏ విభాగంలో వస్తాం?

నంది అవార్డుల్లో రెండు విభాగాలు ఉండేవి. కుటుంబ కథాచిత్రానికి అక్కినేని అవార్డు, జాతీయ సమైక్యతా చిత్రానికి సరోజినీదేవి అవార్డు. 1964లో మొదలైన ఈ నందుల్లో మా బతుకు ఎప్పుడైనా కనబడితే ఆ రెండో దాంట్లోనే. మొదటి దాంట్లో మా ఇల్లు చూసిన గుర్తు మాకు లేదు. (లేపాక్షి బసవన్న బొమ్మతో మాకు ఏ పేచీ లేదు. అది మన రాతిపనివాళ్ల గొప్ప.)

మాకు కుటుంబాలు లేవా? అమ్మీ పొయ్యి దగ్గర కూచుని అబ్బా అప్పుల లెక్క చెప్పడం, జోడేకీ రఖం చాలక నిఖా ఆగిపోవడం, గజం జాగా కోసం అన్నదమ్ములు పండక్కి కూడా గలే మిలాయించుకోకపోవడం, ఇవి ఏ కథలు? కర్నూలు, గుంటూరు పల్లెల్లో దూదేకుల ఇళ్లల్లో ఈ తగాదాలన్నీ మీ తెలుగులోనే జరుగుతాయి. సినిమా సాయిబుకు మాత్రం గళ్లలుంగీ, కళ్లకు సుర్మా, 'నిమ్మల్కి, నమ్మల్కి' అనే భాష. హీరో కోసం ప్రాణమిస్తే మంచోడు. ఇవ్వకపోతే చేతిలో బాంబు.

2002లో వచ్చిన 'ఖడ్గం'కు సమైక్యతా నంది ఇచ్చారు. ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటోడ్రైవర్ అంజాద్ మంచివాడే. మాకూ నచ్చాడు, ఈలలేశాం. కానీ తోడబుట్టినవాడు టెర్రరిస్టయ్యాడు కాబట్టి వీడు దేశభక్తి రుజువు చేసుకోవాలి. ఆటోకి బేరం తగలని రోజు అంజాద్ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో ఎవరికీ పట్టలేదు. మాకు కావలసింది ఆ కథ.

2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబరులో ప్రకటించారు. ఆ తర్వాత నందులు ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట 2025 జూన్ 14న హైదరాబాద్‌లో అవార్డులిచ్చింది. ఆ పేరు వినగానే ఆశపడ్డాం. తీరా చూస్తే పర్యావరణం, వారసత్వం, చరిత్ర విభాగంలో 'రజాకార్'!

రజాకార్ల దుర్మార్గం అబద్ధమని మేమనం. వాళ్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడే. అయితే ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అప్పుడూ ఆ తర్వాతా సంస్థానంలో పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చచ్చినవాళ్లలో ఎక్కువమంది మావాళ్లే. ఆ చావులు చరిత్ర విభాగంలోకి ఏ ఏడు వస్తాయి?

మా గల్లీ కుర్రాడొకడు జోడేకీ రఖం దగ్గర ఆగిపోయిన అక్క పెళ్లి మీద కథ రాసుకుని ఒక నిర్మాతకు వినిపించాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు, చాయ్ తాగించాడు. "బాగుందయ్యా, మరి ఇందులో బ్లాస్టు ఎక్కడొస్తుంది?" అన్నాడు.