బిగిసిన బోల్టు

తెలుగు పంతులుకు తుపాకితో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. ఒడిశాలో, బరంపురం పరిసరాలలో, తెలుగు మాధ్యమంలో చదువుకొనే పిల్లలకు పాఠం చెప్పుకొంటూ వచ్చిన నాకు, ఎన్‌సీసీ బాధ్యత కూడా కొన్నేళ్లు ఉండేది. కాంప్టీలో శిక్షణ పొంది వచ్చిన కొత్తలో ఆ ఖాకీ దుస్తులంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం దిగిన రోజు గురించే ఈ నాలుగు మాటలు.

2004 డిసెంబరులో పది రోజుల వార్షిక శిబిరం జరిగింది. కవాతు కోసం మాకు పాత .303 తుపాకులు ఇచ్చారు. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన నమూనా అది. మన దేశంలో ఇషాపూర్ కర్మాగారంలో తయారైంది. 1962 యుద్ధం తరువాత సైన్యం క్రమంగా దానిని విడిచిపెట్టినా, పోలీసుల చేతిలో చాలాకాలం నిలిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు గాని దానికి వీడ్కోలు చెప్పలేదు. మాకిచ్చినవి కవాతుకు మాత్రమే ఉంచినవి. గుండు పేల్చడానికి పనికిరాకుండా చేసినవి.

ముగింపు రోజు గౌరవ వందనానికి పన్నెండుమంది పిల్లలను ఎంపిక చేశాము. వారిలో మా బడి పిల్లవాడొకడు. తొమ్మిదో తరగతి. తండ్రికి సైకిళ్లు బాగుచేసే దుకాణం. ముందురోజు ఉదయం అభ్యాసంలో ఆదేశం వినగానే పదకొండు బోల్టులు ఒక్కసారిగా తెరుచుకొన్నాయి. వీడిది తెరుచుకోలేదు. రెండు చేతులతో లాగాడు. మళ్లీ మూయబోతే పిడి సగంలో నిలిచిపోయింది.

"చేతిలో సత్తువ లేనివాడివి ముందు వరుసకు ఎందుకు వచ్చావు?" అన్నాను, అందరూ వింటుండగా. వాడు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. వాడి స్థానంలో మరొకరిని నిలబెట్టి, మార్చిన జాబితా కార్యాలయానికి పంపించాను.

మధ్యాహ్నం ఆ తుపాకిని మా ఉస్తాద్‌కు, అంటే శిక్షణ ఇచ్చే హవల్దారుకు, చూపించాను. ఆయన బలం ప్రయోగించలేదు. ముందుగా మ్యాగజైను తీసి, గది ఖాళీగా ఉన్నదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకొన్నాడు. తరువాత అడిగాడు: "ఎక్కడ బిగుస్తోంది, సాబ్?"

ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. బోల్టుకు నాలుగు కదలికలు: పిడిని పైకెత్తడం, వెనుకకు లాగడం, ముందుకు తోయడం, కిందికి దించడం. లాగేటప్పుడూ తోసేటప్పుడూ దారి పొడుగునా బరువుగా ఉంటే, నిలువచేసినప్పుడు పూసిన గ్రీజు గట్టిపడిందనో, మట్టి చేరిందనో అర్థం. కిరసనాయిలుతో కడిగి, చిందీగుడ్డతో పూర్తిగా ఆరతుడిచి, పలుచని నూనె పూస్తే చాలు. ముందుకు తోసేటప్పుడు చివరి అంగుళంలో మాత్రమే ఎదురుతన్నితే అది లోపమే కాదు. ఈ తుపాకిలో లోపలి స్ప్రింగు మూసేటప్పుడే బిగుస్తుంది. కొత్తవాళ్లు దానిని చూసి కంగారుపడతారు. అట్లా కాక పిడి కిందికి దిగడంలోనూ, పైకి లేవడంలోనూ మొరాయిస్తే, బోల్టు ఆ తుపాకికి కుదరడం లేదన్నమాట. మాది ఈ మూడవ రకం.

ఆయన బోల్టును వెనుకకు లాగి, దాని తలను పైకి తిప్పి, బయటికి తీశాడు. పిడి వెనుక చెక్కిన అంకెలు చూశాడు. తుపాకి మీది అంకెలు చూశాడు. రెండూ వేరు! .303లో ప్రతి బోల్టునూ దాని తుపాకికే సరిపడేటట్టు కర్మాగారంలో అమర్చి, రెండింటి మీదా ఒకే సంఖ్య చెక్కుతారు. చూపుకు అన్నీ ఒక్కటే. ఒకదానిది ఒకదానికి పెడితే వెంట్రుకవాసి తేడా చాలు.

అప్పుడు నా గుండె జారింది. క్రితం సాయంత్రం ఉస్తాద్ వేరే పనిమీద వెళ్లినప్పుడు, చీకటి పడుతున్నదని తొందరపెట్టి, బోల్టులన్నీ ఒకే పళ్లెంలో కిరసనాయిలు పోసి కడిగించినది నేను. "ఏదో ఒకటి పెట్టేయండిరా, అన్నీ ఒక్కటే" అన్నదీ నేనే.

ఉస్తాద్ అంతటితో ఆగలేదు. దీని అసలు బోల్టు ఎక్కడున్నదని వెతికితే మరో పిల్లవాడి తుపాకిలో దొరికింది. అక్కడ బోల్టు హాయిగా, కొంచెం వదులుగానే, ఆడుతున్నది. ఉదయం ఎవరూ దానిని తప్పుపట్టలేదు. ఆయన నాతో అన్నాడు: "గుండు పేల్చే తుపాకి అయితే, బిగిసినదానికన్నా ఈ వదులుదే ప్రమాదం. వెనుక సందు ఎక్కువైతే తూటా గొట్టం చిట్లుతుంది. బిగిసినది తన బాధ చెబుతుంది, ఇది చెప్పదు." రెండింటినీ మార్చాడు. రెండూ వెన్నలా నడిచాయి.

సాయంత్రం పిల్లవాడిని పిలిచాను. "పొద్దున ఏమి చెప్పబోయావురా?"

"నంబరు వేరేదండి మాస్టారూ. రాత్రే చూశానండి. ఉస్తాద్‌కి హిందీలో ఎలా చెప్పాలో తెలీలేదండి. మీకు చెబుదామంటే..." అని తల వంచుకొన్నాడు.

హిందీ రాకపోవడం వాడి తప్పు కాదు. కాని నాతో చెప్పడానికి వాడికి తెలుగు ఉన్నది. నేను తెలుగు పంతులును! ఆ భాషలోనే వాడి నోరు మూయించాను.

మరునాడు అభ్యాస వరుస ముందు నిలబడి, తప్పు నాదని చెప్పాను. జాబితాను మాత్రం మార్పించలేకపోయాను. గౌరవ వందనం జరుగుతుండగా వాడు కంచె పక్కన నిలబడి చూశాడు. వాడు దానిని మరచిపోయి ఉండవచ్చు, నేను మరువలేదు.

బడికి తిరిగి వచ్చాక, తుపాకి భాగాల పేర్లూ, బోల్టు ఎక్కడ బిగిస్తే ఏమి చూడాలో ఆ నాలుగు కదలికలూ, తెలుగులో ఒక అట్ట మీద వ్రాయమని వాడికే చెప్పాను. సంఖ్య అన్న మాటను 'సంక్య' అని వ్రాశాడు. ఆ ఒక్కటి దిద్ది, మిగిలినది వాడు వ్రాసినట్టే గోడకు తగిలించాను. అందులో మొదటి వాక్యం: కడిగే ముందు నంబరు చదవాలి.