నక్షత్రం కట్టిన ఊళ్ళు

విన్నిపెగ్‌లో డిసెంబరు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. రెండేళ్ళ కింద అట్లాంటి ఒక సాయంత్రం, పాత సామాన్లు అమ్మే దుకాణంలో నిలబడి ఫోన్లో మా పెద్దమ్మతో మాట్లాడుతున్నాను. మాట అయిపోయి ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే, బిల్లు బల్ల వెనక కూర్చున్న ముసలామె నా వైపు చూసి "నొప్పి ఎక్కడ?" అంది. తెలుగులో! తెల్ల జుట్టు, తెల్ల మనిషి. నేను నోట మాట రాక నిలబడ్డాను. ఆమె మళ్ళీ అంది: "ఎన్ని దినాల నుంచి? ఏం తిన్నవ్?"

ఆమె 1960ల్లో జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో నర్సు. వచ్చిన తెలుగంతా మర్చిపోయినా రోజుకు వందసార్లు అడిగిన ఆ మూడు ప్రశ్నలు మిగిలాయి. ఆ తర్వాత నెలకోసారన్నా ఆమె ఇంటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. పదకొండేళ్ళ తర్వాత క్రిస్మస్‌కు ఇంటికి పోతున్నానని చెప్పినప్పుడు ఒక సీతాఫలం కావాలంది. కార్తీకం దాటితే పాలమూరు గుట్టల్లో సీతాఫలం దొరకదు, దొరికినా కెనడా కస్టమ్స్ దాటదు. అది ఆమెకూ తెలుసు. వాకిలి దాకా వచ్చి, "మీ ఊళ్ళలో ఇంకా పాడుతున్నారా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాతో పాటే విమానమెక్కింది.

డిసెంబరు 22 తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. 2008 నుంచి ఈ ఊరి పేరు చెబితే లోకానికి విమానాశ్రయమే. మా తాతల కాలంలో శంషాబాద్ అంటే దవాఖాన. రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే ఇంటివాళ్ళతో అమెరికా చేరిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. మగ వైద్యుడి ముందు చెయ్యి కూడా చాపని ఆడవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. 1945లో ఇక్కడే చనిపోయింది, ఇక్కడే మట్టిలో కలిసింది. గాఢమైన పల్లె అధ్యయనంగా పేరుపడ్డ 'కొండూరు' పుస్తకం రాసిన పాల్ హీబర్ట్ కూడా 1932లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. మిషనరీ కొడుకు, తానూ మిషనరీయై, మానవశాస్త్రం చదివి, పాలమూరు జిల్లా పల్లెలో కులం, పంచాయితీ, పండుగ ఎట్లా నడుస్తాయో దగ్గరుండి చూసి 1971లో అచ్చువేశాడు. నా పల్లె లోపలి లెక్క నాకు మొదట తెలిసింది ఆ పుస్తకంలోనే అని చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. అందులో ఉన్నది మన బతుకే.

తమ్ముడు కారు తెచ్చాడు. షాద్‌నగర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా కంది చేన్లు, ఏరగా మిగిలిన పత్తి. జడ్చర్లలో ఆగాము. 1950ల్లో కెనడా నుంచి వచ్చిన డాక్టర్ జేకబ్ ఫ్రీజన్ పనిచేసిన ఆసుపత్రి అది. హైదరాబాదుకూ కర్నూలుకూ నడుమ, పెద్ద రోడ్డు మీద ఉండడం వల్ల ఎక్కడెక్కడి పల్లెల నుంచో మనుషులను మంచాల మీద మోసుకొచ్చేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. గేటు, చెట్లు, వరండా విన్నిపెగ్ నర్సు కోసం ఫోటోలు తీసుకున్నాను. తీస్తుంటే చేతులు వణికాయి. నేను పుట్టక ముందు మా ఇంటి ఆడవాళ్ళు ప్రాణాలు దక్కించుకున్న చోటు.

రాత్రికి మహబూబ్‌నగర్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టినా మా నోట ఇప్పటికీ పాలమూరే. బస్టాండు కిటకిటలాడుతోంది. పూనా నుంచి, బొంబాయి నుంచి వచ్చిన వాళ్ళు, బియ్యం సంచుల్లో కుక్కిన బట్టలు, భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు. టీ కొట్టు దగ్గర ఒకాయన పలకరించాడు.

"యాడికెళ్ళి వస్తున్నవన్నా?"

"కెనడా. నువ్వు?"

"పూనా. సెంట్రింగు పని. కెనడా ఎన్ని గంటలు?"

"ఇరవై నాలుగు."

"మాకు పన్నెండు. పండుగకైతే వచ్చినం గదా."

పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ వెనక నడిచి వెళ్ళింది వీళ్ళే. కృష్ణానది పాలమూరును ఒరుసుకుని పారుతుంటే సొంత చేను ఎండబెట్టుకుని పరాయి చేన్లకు నీళ్ళు తోడారు. నేను ఇన్నేళ్ళు నా వలసను వేరే సంగతి అనుకున్నాను, చదువు అనుకున్నాను, ఎదుగుదల అనుకున్నాను. ఆ బస్టాండులో నిలబడ్డాక ఆ తేడా నాకు కనిపించలేదు.

మర్నాడు కల్వకుర్తి మీదుగా దేవరకొండ. కోట కనబడగానే మా సీమలోకి వచ్చినట్టు. అక్కడి నుంచి నల్లగొండ పోయే దారిలో లోపలికి మా పెద్దమ్మ ఊరు. కారు దిగేసరికి ఊరి ముందర పొడుగు వెదురుగడకు కట్టిన కాగితపు నక్షత్రం. లోపల బల్బు వెలుగుతోంది. వాడకట్టులో ప్రతి ఇంటి మీదా ఒకటి, కొన్ని కొన్నవి, కొన్ని పిల్లలు వెదురు పుల్లలు చీల్చి రంగు కాగితం అంటించినవి. ధనుర్మాసం కాబట్టి ఊరంతా ముగ్గులే. మా వాడలో ముగ్గు నడుమ నక్షత్రం, గంట, పక్కన రంగుతో 'హ్యాపీ క్రిస్మస్'.

"ఎంత బక్కగైనవ్ కొడుకా!" అని పెద్దమ్మ నా చెంపలు రెండూ పట్టుకుంది. లేవబోయి గోడ ఆసరా తీసుకుంది.

24 పొద్దున బట్టలకూ సామాన్లకూ నల్లగొండ పోయాము. రెండు గుట్టల కింద సర్దుకున్న ఈ పట్టణంలోనే మా కథ మొదలైంది. 1889లో అబ్రహాం ఫ్రీజన్, ఆయన భార్య మరియా ఇండియాకు వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో దిగారు. వాళ్ళు ఇంగ్లీషు దొరలు కారు. ఇప్పటి ఉక్రెయిన్‌లో, నీపర్ నది ఒడ్డున, అప్పటి రష్యా చక్రవర్తుల కింద సేద్యం చేసుకుంటూ జర్మన్ మాట్లాడే మెనోనైట్లు. యుద్ధం చేయము, తుపాకి పట్టము అన్న నియమం వాళ్ళది. గోధుమ పండించే ఆ రైతులు చందాలు వేసుకుని నల్లగొండకు మనిషిని పంపారు. 1899లో అమెరికా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరన్ వాళ్ళు మొదట నల్లగొండకే వచ్చి, తర్వాత హైదరాబాదు, శంషాబాద్, నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు కదిలారు. 1937లో బాప్టిస్టుల నుంచి మహబూబ్‌నగర్ కూడా వీళ్ళ చేతికి వచ్చింది. అందుకే పాలమూరులో ఏ మూల అడిగినా 'ఎంబీ చర్చి' అంటారు.

మరి పంపిన వాళ్ళ గతి ఏమైంది? మొదటి ప్రపంచ యుద్ధం, విప్లవం, దోపిడీ దండులు, కరువు ఒకదాని వెనక ఒకటి వాళ్ళ మీద పడ్డాయి. 1923 నుంచి 1930 వరకు సుమారు 20,000 మంది ఇల్లూ పొలమూ వదిలి, రైలు కంపెనీ ఇచ్చిన అప్పు మీద కెనడా చేరారు. చాలామంది మా మనిటోబా మైదానంలోనే దిగారు. మిగిలినవాళ్ళ మందిరాలు సోవియట్ ప్రభుత్వం మూసేసింది. నీపర్ మీద పెద్ద డ్యాం కట్టినప్పుడు ఐన్‌లాగె అనే వాళ్ళ పాత ఊరు నీళ్ళ కింద పోయింది. 2022 నుంచి ఆ నేల మళ్ళీ యుద్ధంలో ఉంది. నా ముసలి స్నేహితురాలి తల్లిదండ్రులు అట్లా వచ్చినవాళ్ళే. పంపిన ఊళ్ళలో పాట ఆగిపోయింది, వాళ్ళు పంపిన చోట ఆగలేదు. నల్లగొండ గడియారం చౌరస్తాలో బండి మీద రంగు కాగితాలు బేరమాడుతున్న ఆడపిల్లలను చూస్తూ ఈ సంగతే తలుచుకుంటూ నిలబడ్డాను.

ఆ రాత్రి పాట వచ్చింది. పదకొండు దాటాక డప్పు, కంజీర, తాళాలతో ముప్పై మంది వాడ వాడా తిరిగారు. చలికి మంకీ టోపీలు, తలకు తువ్వాళ్ళు. పాత కీర్తన ఒకటి పాడితే, మరొకటి పూనా నుంచి వచ్చిన కుర్రాళ్ళు కట్టుకున్న కొత్త పాట, కోలాటపు దరువు మీద. గొల్లవాడలో ఒక ఇంటివాళ్ళు పిలిచి మరీ పాడించుకుని చాయ్ పోశారు. నేను ఫోన్లో రికార్డు చేశాను. విన్నిపెగ్‌లో మా చర్చి వాయిద్యాలు గొప్పవి, గొంతులు శిక్షణ పొందినవి. కానీ పగలంతా పత్తి ఏరి రాత్రి రెండింటి దాకా పాడే గొంతు నేను అక్కడ వినలేదు.

25 ఆరాధన అయ్యాక కానుకల వేలం. గుమ్మడికాయ, సొరకాయలు, డజను గుడ్లు, కాళ్ళు కట్టిన నాటుకోడి. పాస్టరయ్య ఇచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంటే, చిన్నప్పటి నుంచి తెలిసిన మా అన్నదమ్ముల పేర్లు నాకు కొత్తగా వినిపించాయి. అవి చర్చి పేర్లు. సర్టిఫికెట్లలో వేరే పేర్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులం కిందికి రాడు. మన దగ్గర అతనికి మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారితే అంటరానితనం పోలేదు, రక్షణ మాత్రం పోయింది. మా నాయన జీవితమంతా రెండు పేర్లతో బతికాడు, ఒకటి బడి రిజిస్టరులో, ఒకటి బైబిలు మొదటి పేజీలో. ఇది అన్యాయం. కెనడా పాస్‌పోర్టు నాకు ఒక్క పేరు ఇచ్చింది. ఊళ్ళో ఉన్న నా తమ్ముడికి ఆ పాటి హక్కు ఇంకా లేదు.

వేలంలో నాటుకోడిని పూనా నుంచి వచ్చిన ఒక మేస్త్రీ నాకన్నా ఎక్కువ పాడి గెలుచుకున్నాడు. మధ్యాహ్నం అందరికీ బగారా అన్నం, మటన్ కూర.

మర్నాడు 26. తెలంగాణలో క్రిస్మస్ మర్నాడు కూడా సెలవే. నేనుండే మనిటోబాలో ఆ రోజుకు చట్ట ప్రకారం సెలవు లేదని చెబితే మా వాళ్ళు నమ్మలేదు. పొద్దున ఎనిమిదింటికి, అంటే అక్కడ 25 రాత్రి ఎనిమిదిన్నర, విన్నిపెగ్‌కు ఫోన్ చేశాను. ఆసుపత్రి ఫోటోలు అందాయంది. రికార్డు చేసిన పాట వినిపించాను. అవతల చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత, పక్కన ఎవరున్నారని అడిగింది. ఫోన్ పెద్దమ్మ చెవి దగ్గర పెట్టాను.

"నొప్పి ఎక్కడ?" అంది ఆమె.

పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. "మోకాళ్ళల్ల, అమ్మా. నడుముల గూడ."

"ఎన్ని దినాల నుంచి?"

"ఇరవై ఏండ్లాయె. గా బోరు నీళ్ళు తాగి తాగి."

నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎముకలకు పట్టి మనుషులను వంచేసిన సంగతి తెలుగు చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఇప్పుడు పెద్దమ్మ వాకిట్లో నల్లా ఉంది, కృష్ణ నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు ఆమె మోకాళ్ళను ముందటి లెక్క చేయలేవు. ఫోన్ తిరిగి ఇస్తూ పెద్దమ్మ అడిగింది: "జడ్చర్ల దవాఖాన్ల నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు ఒక తెల్లమ్మ గిట్లనే అడిగె. గామెనేనా?"

ఆమేనో కాదో తేల్చలేము. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన తెల్ల నర్సు ఒక్కతే కాదు.

విన్నిపెగ్‌లో, వింక్లర్‌లో, అబ్బోట్స్‌ఫోర్డ్‌లో ఉన్న తెలుగువాళ్ళారా, మీ వీధిలోనే పాలమూరు తెలిసిన ముసలివాళ్ళు ఉండవచ్చు. వెతికి పలకరించండి, వాళ్ళు చెప్పేది రికార్డు చేయండి. పాలమూరు, నల్లగొండ పిల్లలారా, మీరు మీ పెద్దమ్మల దగ్గర కూర్చోండి. రెండు వైపులా విన్నది ఒకచోట చేరుద్దాం. త్వరగా చేయాలి. విన్నిపెగ్ నర్సుకు ఎనభై ఏడేళ్ళు, మా పెద్దమ్మకు ఎనభై ఒకటి.